‘మరి కాసేపట్లో దిగబోతున్నాం’ అంటే ఎవరు దిగాలి?

(మొదటి పోస్టు, తిరుపతి నుంచి)

గ్రూపులో పద్యాల మీద, మాండలికాల మీద చాలా మాట్లాడుకున్నాం. ఈసారి ఒక మైకు ప్రకటనను పట్టుకుందాం. హైదరాబాద్ నుంచి రేణిగుంటకు వచ్చే విమానాల్లో ఈమధ్య అప్పుడప్పుడు కాక్‌పిట్ నుంచి పైలటే తెలుగులో పలకరిస్తున్నారు. సంతోషం. నాకు మింగుడుపడనిది అందులో ఒక్క వాక్యం: “మరి కాసేపట్లో మనం తిరుపతిలో దిగబోతున్నాం.”

వ్యాకరణానికి లోటు లేదు, వినసొంపుగానూ ఉంది. చిక్కల్లా ‘దిగు’ దగ్గరే. విమానం ఆకాశం నుంచి దిగుతుంది. మనం విమానం నుంచి దిగుతాం. పైలట్ చెప్పేది మొదటిది. సీట్లో కూర్చున్న పెద్దాయన చెవికి చేరేది రెండోది. ఆయన జన్మంతా ఆర్టీసీ బస్సులో తిరిగిన మనిషి. “దిగేవాళ్లు ముందుకు రండి” అని కండక్టర్ కేకేస్తే స్టాపు రాకముందే సంచీ తీసుకుని డోరు దగ్గర నిలబడాలి, లేకపోతే రైట్ రైట్ అనేస్తారు. అలాంటివాళ్లకు ‘దిగుతున్నాం’ అని మైకులో చెప్తే ఏం చేస్తారు?

నేను చూసింది చెప్తాను. నా ముందు వరుసలో పీలేరు వైపు పెద్దాయన ఒకరు, పక్కన ఆయన భార్య. ఆ మాట వినబడగానే ఆయన టక్కున బెల్టు తీసేశారు. లేచి, సామాన్ల అర మూతకు చెయ్యి వేశారు. వెనక నుంచి కేబిన్ అమ్మాయి “సార్, కూర్చోండి కూర్చోండి” అంటూ ఉరుకున వచ్చింది. ఆయన ఆశ్చర్యంగా చూసి, “దిగతా ఉండామని మీ ఆయనే గదమ్మా చెప్పినాడు!” అన్నారు. పక్కనున్నావిడ అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు. చుట్టూ నవ్వులు. నాకు మాత్రం ఆయన అన్నదాంట్లో పిసరంత తప్పు కూడా కనబడలేదు. చెప్పినట్టే చేశారు.

నేననేది ఇంతే. తెలుగు క్రియ చివర చూస్తే ఆ పని ఎవరు చేస్తున్నారో తెలిసిపోతుంది. దిగుతుంది, దిగుతాం, దిగండి. పైలట్ ప్రకటనలో ముందు తేలాల్సింది అదే. విమానం ఏం చేస్తుంది, మీరేం చెయ్యాలి, నేనేం చేస్తున్నాను. ఈ మూడూ కలిపి ఒకే ‘మనం’లో పోస్తే పప్పూ చారూ ఒకటైపోతాయి. మీరేమంటారు?

(శ్రీకాళహస్తి, తెలుగు టీచరు)

బాగా పట్టారండీ. ‘దిగు’కు రెండు అర్థాలేమిటి, పుట్టెడున్నాయి. మేకు గోడలోకి దిగుతుంది. జ్వరం దిగుతుంది. ఎన్నికల బరిలోకి దిగుతారు. మన ఊళ్లో అందరూ అడిగే ప్రశ్న ఇంకొకటుంది: “తిరుపతిలో ఎక్కడ దిగారు?” అంటే ఏ సత్రంలో, ఏ లాడ్జీలో బస అని. “మనం తిరుపతిలో దిగబోతున్నాం” అని పైలట్ అంటే, మా అత్తగారైతే “నువ్వూ మా కాటేజీలోకే వస్తావా నాయనా” అని అడిగినా అడుగుతుంది.

అయితే ఇది భాష లోపం అనకండి. మామూలు మాటల్లో ఎదుటి మనిషి ముఖం, చుట్టూ ఉన్న చోటు కలిసి అర్థం తేల్చేస్తాయి. మైకులో ముఖం ఉండదు, తిరిగి అడగడానికి వీలుండదు. అందుకే అక్కడ కర్తను మింగకూడదు. ‘విమానం నేలకు దిగుతుంది’ అంటే చాలదా?

(పలమనేరు)

ఇంత చర్చ దేనికన్నా? ‘ల్యాండ్ అవుతుంది’ అంటే మా అవ్వకు కూడా తెలుసు. టీవీలో చంద్రయాన్ ల్యాండయిందని చెప్పినప్పుడు ఎవరూ నిఘంటువు తియ్యలేదు కదా.

(మొదటి పోస్టు రాసినవారు)

నిజమే తమ్ముడూ, నా ఓటూ దానికే. ఇంగ్లీషు మాటైనా దానికి ఒకే అర్థం, మనుషులు ల్యాండ్ అవ్వరు. ఇంకో గ్రూపులో ఒకాయన ‘అవతరణ’ అని సూచించారు. తిరుపతిలో ఆ మాట విమానానికి వాడితే ఒప్పుకునేవాళ్లు దొరకడం కష్టం.

(రేణిగుంట, ఇదివరకు కేబిన్ సిబ్బందిలో పనిచేసినవారు)

లోపలి సంగతి కొంచెం చెప్తాను. పైలట్లకు మాట్లాడే తీరిక మీరనుకున్నంత ఉండదు. 10,000 అడుగుల కిందికి వచ్చాక కాక్‌పిట్‌లో పనికి అవసరమైన మాట తప్ప ఇంకోటి ఉండకూడదు. 1974లో అమెరికాలోని షార్లట్ దగ్గర ఒక విమానం కూలింది. దిగే వేళ లోపల లోకాభిరామాయణం సాగిందని, ఎత్తు మీద ధ్యాస తప్పిందని దర్యాప్తులో తేలింది. తర్వాత 1981లో అక్కడ ఈ నిబంధన వచ్చింది. మన సంస్థలూ ఇదే పద్ధతి పాటిస్తాయి.

హైదరాబాద్ నుంచి మనకు గంట ప్రయాణం. పైకి ఎక్కడం, కిందికి రావడం పోగా నడుమ మిగిలేది కాస్తే. అందులో ముందు ఇంగ్లీషు, తర్వాత హిందీ, టైముంటే తెలుగు. తెలుగు వంతు వచ్చేసరికి విమానం కిందికి మళ్లుతుంటుంది. అందుకే గబగబా, రాసుకున్న ఇంగ్లీషు వాక్యాన్ని అప్పటికప్పుడు తెలుగు చేసి చదువుతారు. ‘వీ విల్ బీ ల్యాండింగ్ షార్ట్‌లీ’ కాస్తా ‘మనం కాసేపట్లో దిగబోతున్నాం’ అయింది. ఎయిర్‌పోర్టు మైకుల సంగతి వేరు. ముందు స్థానిక భాషలో, తర్వాత హిందీ, ఇంగ్లీషుల్లో చెప్పాలని 2018 డిసెంబరులో కేంద్రం ఆదేశించింది. విమానం లోపల తెలుగు వినబడటం చాలావరకు ఆ పైలట్ ఇష్టం, ఓపిక. కాబట్టి వాళ్లను మరీ ఏకిపారెయ్యకండి.

(చిత్తూరు)

మాట ఒకటి, అర్థాలు రెండు అన్న గొడవ తెలుగుకే కాదు సార్. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో డచ్ విమానం నుంచి రేడియోలో వచ్చిన మాటకు ‘ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం’ అని అర్థం వచ్చింది. అక్కడ ఉన్నాం అంటే సిద్ధంగా ఆగి ఉన్నాం అని టవర్ అనుకుంది. వాళ్లేమో అప్పటికే పరుగు మొదలుపెట్టారు. కారణాలు ఇంకా ఉన్నాయి గానీ ఆ మాట కూడా ఒకటి. ఆ తర్వాత నుంచి ‘టేకాఫ్’ అన్న మాటను దానికి అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చిన అనుమతి రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోలో వాడరు. మిగతా చోట్ల ‘డిపార్చర్’ అంటారు. టవర్‌తో మాట్లాడే మాటకు అంత కట్టుదిట్టం ఉన్నప్పుడు, ప్రయాణికులతో మాట్లాడే మాటకు కొంచెమైనా ఉండొద్దా?

(మొదటి పోస్టు రాసినవారు)

ఈ ఉదాహరణ నాకు తట్టలేదు, మంచిది పట్టుకొచ్చారు. ‘మనం’ సంగతి కూడా తేల్చేద్దాం. ఇంగ్లీషులో ‘వీ’ ఒకటే. మనకు రెండున్నాయి, ‘మనం’, ‘మేము’. ఈ తేడా వాడుకోని తెలుగు ప్రకటన ఉప్పు లేని కూరే.

పైలట్ ప్రకటనల గురించి ఎక్కడ మాటొచ్చినా 1982 జూన్ 24 నాటి బ్రిటిష్ ఎయిర్‌వేస్ 9వ నంబరు విమానం గుర్తుచేస్తారు. ఇండోనేషియా మీదుగా రాత్రివేళ వెళ్తుంటే గాలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిద లోపలికి పోయి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ మైకు తీసుకుని చెప్పింది నాలుగు ముక్కలు. చిన్న సమస్య వచ్చింది, నాలుగు ఇంజన్లూ ఆగాయి, మళ్లీ నడిపించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తున్నాం, మీరు మరీ ఇబ్బంది పడటం లేదనుకుంటాను. అంతే. ఇంజన్లు మళ్లీ అందుకున్నాయి, జకార్తాలో క్షేమంగా ల్యాండయ్యారు. ఆయన నిబ్బరాన్ని అందరూ మెచ్చుకుంటారు. నేను చూసేది ఆ మాటల్లోని ‘వీ’ని.

దీన్ని తెలుగులో చెప్పి చూడండి. “మనకొక చిన్న ఇబ్బంది వచ్చింది.” ఇక్కడ ‘మనకు’ అనాల్సిందే, ఎందుకంటే అందరం ఒకే విమానంలో ఉన్నాం. “ఇంజన్లు మళ్లీ నడిపించడానికి మేము చెయ్యగలిగిందంతా చేస్తున్నాం.” ఇక్కడ ‘మేము’ అనాల్సిందే, ఎందుకంటే ఆ పని ప్రయాణికులది కాదు. ఇబ్బందికి ‘మనం’, పనికి ‘మేము’. ఇంగ్లీషులో ఆయన గొంతును బట్టి ఊహించుకోవాల్సింది తెలుగులో మాటలోనే ఉంది.

మనవాళ్లు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. “సాంకేతిక కారణాల వల్ల మనం ఆలస్యంగా బయల్దేరాం.” బాబూ, నేను గంట ముందే వచ్చి కూర్చున్నాను, ‘మనం’ ఎవరు? వెంటనే “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.” కలిగిన! దానంతటదే కలిగినట్టు. రైల్వే స్టేషన్లో రోజూ వినీ వినీ ఈ వాక్యం చెవికి అరిగిపోయింది, చింతా కనబడదు, చింతించేవాళ్లూ కనబడరు. ఇంటికొచ్చిన చుట్టాన్ని కాసేపు కూర్చోబెట్టాల్సి వస్తే మనమేమంటాం? “ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి” అంటాం. పైలట్ కూడా అదే అంటే కిరీటమేమీ పడిపోదు.

(శ్రీకాళహస్తి, తెలుగు టీచరు)

‘ఏమీ అనుకోకండి’ గంట ఆలస్యానికి సరిపోతుంది. నాలుగు గంటలు కూర్చోబెట్టి ఆ మాట అంటే కొడతారు. అప్పుడు ‘మన్నించండి’ అనాలి, కారణం కూడా విప్పి చెప్పాలి. సాంకేతిక కారణం అంటే వినేవాళ్లకు రెక్క ఊడిందేమో అనిపిస్తుంది. ‘ఒక టైరు మార్చాం’ అంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

(కుప్పం)

కుదుపుల మాటేమిటి? ఒకసారి బెంగళూరు విమానంలో “బయట వాతావరణం అల్లకల్లోలంగా ఉన్నందువలన ప్రయాణికులందరూ దయచేసి తమ తమ స్థానములలో ఆసీనులై సీటు బెల్టులను ధరించవలసిందిగా కోరుచున్నాము” అని చదివారు. ‘అల్లకల్లోలం’ దగ్గరే మా పక్క వరుస మొత్తం గోవిందా గోవిందా అందుకుంది. ఆ తర్వాత ఏం చెప్పారో ఎవరికీ వినబడలేదు.

(రేణిగుంట, ఇదివరకు కేబిన్ సిబ్బందిలో పనిచేసినవారు)

నవ్వొచ్చింది గానీ, ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్లే విమానం గట్టి కుదుపుల్లో పడి ఒక ప్రయాణికుడు చనిపోయారు, ఎంతోమంది గాయపడ్డారు. బెల్టు మాట వెంటనే చెవిన పడాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, కారణంతో మొదలుపెట్టి పొడుగు వాక్యం చేస్తే అసలు పని ఎక్కడో తోకలో ఉంటుంది. “సీటు బెల్టు పెట్టుకోండి. కుదుపులు వస్తున్నాయి. ఐదు నిమిషాల్లో తగ్గుతాయి.” చిన్న చిన్న వాక్యాలు, పని ముందు, కారణం తర్వాత. ఎంతసేపో చెప్తే ఇంకా మంచిది, భయం ఉండేది కుదుపు మీద కంటే అది ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడం మీద. ‘కుదుపు’ ఎడ్లబండి రోజుల నుంచి ఉన్న మాట, దానికి ఎవరూ హడలిపోరు.

(మొదటి పోస్టు రాసినవారు)

సరే, అందరూ అన్నవి కలిపి ఒక ముసాయిదా రాశాను. 10,000 అడుగుల పైనుండగానే చెప్పేసేలా పొట్టిగా ఉంచాను. చూడండి.

“నమస్కారం. నేను కెప్టెన్‌ని మాట్లాడుతున్నాను. అందరూ సీటు బెల్టు పెట్టుకోండి. ఇంకో ఇరవై నిమిషాల్లో మన విమానం రేణిగుంటలో ల్యాండ్ అవుతుంది. కిందికి వచ్చేటప్పుడు కొంచెం కుదుపులు ఉంటాయి, మామూలే. ల్యాండ్ అయ్యాక కూడా విమానం కాసేపు రోడ్డు మీద బస్సులా నడుస్తుంది. అది ఆగి, పైన బెల్టు లైటు ఆరిపోయేదాకా ఎవరూ లేవకండి. ఇవాళ అరగంట ఆలస్యం చేశాం, ఏమీ అనుకోకండి.”

(పలమనేరు)

‘మన విమానం’, ‘ఆలస్యం చేశాం’. రెండూ కుదిరాయన్నా. బెల్టు లైటు ‘కొండెక్కేదాకా’ అని ఉంటే మాత్రం అందరూ లేచి అలిపిరి వైపు చూసుండేవాళ్లు.

(శ్రీకాళహస్తి, తెలుగు టీచరు)

ఒకచోట దిద్దాలండీ. ‘ఎవరూ లేవకండి’. ఇంజన్ హోరులో, ఆ మైకు గరగరలో ఒక్క ‘క’ వినబడకపోతే అది ‘లేవండి’ అయి కూర్చుంటుంది. మీ పీలేరు పెద్దాయన మళ్లీ లేస్తారు. వద్దన్నది చెప్పే బదులు చెయ్యమన్నదే చెప్పండి: ‘ఆరిపోయేదాకా అందరూ కూర్చునే ఉండండి.’

(మొదటి పోస్టు రాసినవారు)

మార్చేశాను టీచర్‌గారూ. రేణిగుంటవారూ, మీకు తెలిసిన పైలట్లు ఎవరైనా ఉంటే ఇది వాట్సాప్‌లో పంపండి. వాళ్ల నోటికి ఎక్కడ అడ్డం పడుతోందో చెప్తే అక్కడ మళ్లీ కోస్తాను.