చలికాలంలో కిటికీకి రెండు పొరల కర్టెన్లు
ప్రశ్న: మా అమ్మ మంచం కిటికీ పక్కనే. ఉన్నది పల్చటి కర్టెన్ ఒక్కటే. రాత్రి అద్దం వైపు నుంచి చలి దిగి ఆవిడ మోకాళ్లు పట్టేస్తున్నాయి. మందపాటిది ఒకటి కొన్నాను. దాని మీద వేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది, కానీ అంచులు చూసుకోండి. అద్దం దగ్గర చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది, పైనుంచి గదిలోని వెచ్చటి గాలి కర్టెన్‌కీ అద్దానికీ మధ్య సందులోకి దూరుతుంది. అందుకే మందపాటిది నేలను తాకాలి. రాడ్ కిటికీకి రెండు వైపులా 15 సెంటీమీటర్లైనా ఎక్కువ ఉండాలి. నేను రాడ్ పైన సందు మూసేలా చెక్క పట్టీ కూడా కొట్టించాను. అసలు తేడా అప్పుడే తెలిసింది.

ఇంకో జవాబు: ముందు ఫ్రేమ్ సందులు మూయండి. పగలు ఎండ పడుతున్నంతసేపు మందపాటిది పక్కకు లాగేయండి. పొద్దున అద్దం మీద నీళ్లు పడితే తుడవండి, లేకపోతే కర్టెన్ వెనక లైనింగ్ గుడ్డకి బూజు పడుతుంది.

అడిగినవారు: నేను కొన్నది నేలకు జానెడు పైనే ఆగిపోతోంది. ఆదివారం కింద గుడ్డ అతికి కుడతాను.