హెడ్‌ఫోన్స్‌లో 7.1 సరౌండ్: వెనక ఛానెళ్లు అసలు వినబడట్లేదు

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, రాత్రి పది దాటితే స్పీకర్లు పెట్టలేను. అందుకే 5.1 ఆడియో (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్‌కి విడివిడి ఛానెళ్లు) ఉన్న సినిమాలు హెడ్‌ఫోన్స్‌లోనే సరౌండ్‌గా వినాలని చూస్తున్నాను.

విండోస్ 11, సీటీసీలో (సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్) కొన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్, 3.5 ఎంఎం పిన్ ఉన్న మామూలు స్టీరియో హెడ్‌ఫోన్స్. కార్డ్ ‘కన్ఫిగర్’లో స్టీరియో ఒక్కటే చూపిస్తోంది. కాబట్టి వీబీ-కేబుల్ (ఇన్‌పుట్‌లోకి వచ్చిన ధ్వనిని అవుట్‌పుట్‌కి పంపే వర్చువల్ సౌండ్ పరికరం) వేసి, కేబుల్ ఇన్‌పుట్‌ని డిఫాల్ట్ చేసి 7.1 (పక్కవి, వెనకవి కలిపి ఎనిమిది ఛానెళ్లు) పెట్టాను. రికార్డింగ్ ట్యాబ్‌లో కేబుల్ అవుట్‌పుట్‌కి 8 ఛానెళ్లు, 48000 హెర్ట్జ్ ఇచ్చి, ‘లిసన్’లో నా కార్డ్‌ని ఎంచుకున్నాను. ఈక్వలైజర్ ఏపీఓని (విండోస్ ధ్వనిని మార్చే సాఫ్ట్‌వేర్) కార్డ్ మీద వేశాను, దాని పైన హెసువి (హెడ్‌ఫోన్స్‌లో సరౌండ్ అనుభూతినిచ్చేది).

టెస్ట్ నొక్కితే ముందు ఎడమ, కుడి స్పష్టంగా వస్తాయి. వెనకవి, పక్కవి నిశ్శబ్దం. హెసువిలో ప్రొఫైల్ మార్చినా అంతే. విండోస్ సొంత సరౌండ్ అయిన స్పేషియల్ సౌండ్ ఆఫ్‌లోనే ఉంది (అదీ హెసువీ రెండూ ఆన్‌లో ఉంటే ప్రాసెసింగ్ రెండుసార్లు పడి శబ్దం పాడవుతుంది). ఏపీఓ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్ రీస్టార్ట్ కూడా చేశాను. కార్డ్ దగ్గరికి చేరేలోపే ధ్వని రెండు ఛానెళ్లకి కుదించుకుపోతోందేమోనని నా అనుమానం.

ఇదే సెటప్ నడుస్తున్నవాళ్లు చెప్పండి: ఏపీఓ కాన్ఫిగరేటర్‌లో టిక్ పెట్టాల్సింది కేబుల్ ఇన్‌పుట్‌కా, కేబుల్ అవుట్‌పుట్‌కా?