రోజూ పప్పన్నం తింటే ప్రోటీన్ సరిపోతుందా?

రవి_కృష్ణలంక: మా అమ్మకి 61 ఏళ్లు, 60 కిలోలు. మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటోంది. కిలో బరువుకి 0.83 గ్రాముల చొప్పున రోజుకి 50 గ్రాముల ప్రోటీన్ కావాలి. మా ఇంట్లో గుడ్డు కూడా తినరు. పౌడర్ తెస్తానంటే నాన్న, "మా తాతలు పప్పన్నం తినే బతికారు" అంటున్నారు. మీరేమంటారు?

సుబ్బలక్ష్మి: నాన్నగారి మాటే నిజం. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల ప్రోటీన్ ఉంది. ప్రోటీన్ తయారయ్యే అమైనో ఆమ్లాల్లో లైసిన్ బియ్యంలో తక్కువ, మెథియోనిన్ పప్పులో తక్కువ. కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో కండ పెంచడానికి పౌడర్లు వద్దనే చెప్పింది.

నరేశ్_వరంగల్: అది పచ్చి పప్పు లెక్కండీ. కంచంలో పడే గరిటెడు పప్పులో పచ్చిపప్పు 30 గ్రాములుంటే ఎక్కువ. అంటే 6, 7 గ్రాముల ప్రోటీన్. ఒక గుడ్డుతో సమానం, అంతే.

సుబ్బలక్ష్మి: ఉడికితే ప్రోటీన్ ఆవిరైపోతుందా?

నరేశ్_వరంగల్: ఆవిరి కాదండీ, నీళ్లు కలుస్తాయి. ముద్దపప్పు వేరు, పప్పుచారు వేరు.

పద్మ: గుప్పెడు వేరుశనగపప్పు తింటే 6 గ్రాములు. డబ్బా ఎందుకు?

మూర్తి: ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించండి. కిడ్నీ బాగుంటేనే ప్రోటీన్ పెంచాలి.

సుబ్బలక్ష్మి: నరేశ్ గారూ, మా పెద్దాడు జిమ్‌లో చేరిన నెలకే "ఇంటి తిండిలో ఏముంది" అని కంచం పక్కకి నెట్టేశాడు. 35 ఏళ్లుగా వండి పెడుతున్నాను. మీ గ్రాముల లెక్కలన్నీ మా వంటని తక్కువ చేయడానికే.

నరేశ్_వరంగల్: మీ వంటనెందుకంటానమ్మా? ఒక్కటి చెప్పండి. రాత్రి అందరూ తిన్నాక మీ కంచంలోకి పప్పు ఎంత వస్తుంది?

సుబ్బలక్ష్మి: నేను చివర్లో తింటాను. ఉంటే వేసుకుంటాను, లేకపోతే మజ్జిగన్నం, ఆవకాయ. పిల్లలకి సరిపోవాలి కదా.

నరేశ్_వరంగల్: నా గొడవంతా అదేనమ్మా. వండిన పప్పు మంచిదే. వండినామెకి అందట్లేదు. మా అమ్మ కూడా అలాగే తిని తిని సన్నబడిపోయింది.

సుబ్బలక్ష్మి: అయితే గ్లాసెడు పప్పు ఎక్కువ పోయమనండి. పౌడర్ మాత్రం నేను ఒప్పుకోను.

రవి_కృష్ణలంక: ఈ రాత్రి అమ్మ పక్కనే కూర్చుని చూశాను. నాకూ నాన్నకీ రెండేసి గరిటెలు వేసింది. తర్వాత ఖాళీ గిన్నెలో వేడన్నం వేసి, అంచులకి అంటిన పప్పుతో కలుపుకుంది. రేపటికి అలసందలు నానబోశాను. ముందు నువ్వు కూర్చోమ్మా అంటే మాత్రం కూర్చోవట్లేదు.