మూడున్నరకి ఇరవై నిమిషాలు కూర్చుంటే పని ఎగ్గొట్టినట్టేనా?

వేపచెట్టు_టెస్టర్ (సోమవారం, రాత్రి 10:42)

గొడవ పెట్టడానికి కాదు, తేల్చుకోలేక అడుగుతున్నాను.

నాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. పొద్దున పదకొండింటికి మొదలైతే రాత్రి ఎనిమిదిన్నర, ఆ తర్వాత అమెరికా వాళ్లతో ఇంకో కాల్. రెండు నెలలుగా ఒక అలవాటు చేసుకున్నాను. మూడున్నరకి లాప్‌టాప్ మూసేసి, ఫోన్ డ్రాయర్లో పడేసి కిందకి దిగుతాను. పార్కింగ్ వెనకాల వేపచెట్టు ఉంది, చుట్టూ సిమెంటు అరుగు. దాని మీద కూర్చుంటాను, అంతే. చాయ్ లేదు, పాటల్లేవు, ధ్యానం అసలే కాదు. సెక్యూరిటీ ఆయన నీడ ఎటు జరిగితే అటు కుర్చీ లాక్కుంటూ ఉంటాడు, అది చూస్తుంటాను. మూడు యాభైకి మళ్లీ సీట్లో ఉంటాను.

మొన్న మా టీమ్ లీడ్ పిలిచి, "రోజూ ఆ టైముకి ఆఫీసు చాట్‌లో నీ పేరు పక్కన చుక్క పసుపుపచ్చ అయిపోతోంది, ఏంటి సంగతి?" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "రెస్ట్ ఇంట్లో తీసుకో" అన్నాడు. ఇదే మనిషి రోజుకి నాలుగుసార్లు సిగరెట్‌కి దిగుతాడు, వెనకాల ఇంకో ముగ్గురు. ఆ లెక్క ఎవరూ అడగరు. సిగరెట్ అలవాటు లేకపోవడమే నా తప్పా? లేక ఆయనన్నదే సబబా? పని మధ్యలో ఇలా ఆగడం హక్కా, సోకా? మొహమాటం లేకుండా చెప్పండి.

పదకొండో_తారీఖు (సోమవారం, రాత్రి 11:20)

రాజమండ్రిలో చిన్న ఆడిట్ ఆఫీసండి నాది, నలుగురు కుర్రాళ్లు. మీ లీడ్ అన్న తీరు బాలేదు గానీ, మాటలో తప్పు లేదంటాను. నెలనెలా జీఎస్టీ రిటర్నుల గడువులు, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ, సెప్టెంబరు వస్తే ఆడిట్ రిపోర్టులు. సర్వరు మొరాయించేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఓటీపీ కోసం ఫోన్ చేస్తే క్లయింటు ఎవరిదో పెళ్లిలో భోజనాల బంతిలో ఉంటాడు. అలాంటప్పుడు మా కుర్రాడు లేచి "సార్, నా వేపచెట్టు టైము" అంటే నేనేం చెయ్యాలండి?

ఇంకో సంగతి. ఆ ఇరవై నిమిషాలు నాకు మధ్యాహ్నం అక్కర్లేదు, సాయంత్రం కావాలి. గబగబా పని తెముల్చుకుని ఆరింటికి తాళం వేస్తే గోదావరి గట్టు మీద గంటసేపు కూర్చోవచ్చు. మధ్యమధ్యలో ఆగుతూ రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరితే అది నిదానం కాదండి, సాగదీత.

కౌంటర్_2 (మంగళవారం, ఉదయం 7:05)

మీరిద్దరూ అదృష్టవంతులు. మీ ముందు గాజు కిటికీ లేదు, కిటికీ అవతల మనుషుల్లేరు.

శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరి బ్యాంకు బ్రాంచి, క్యాష్ కౌంటరు నాది. నెల మొదటి వారం అయితే మెట్ల దాకా లైను. ఒకసారి మంచినీళ్ల సీసా పట్టుకుని లేచాను, తాగుతూ కిటికీ దగ్గర రెండు నిమిషాలు నిలబడ్డాను. ఒక కుర్రాడు వీడియో తీశాడు. సాయంత్రానికి ఊరి గ్రూపులో "జనం లైన్లో, సారు షికార్లో" అని తిరిగింది. అప్పట్నుంచి నీళ్లు కూడా సీట్లోనే. కట్టలో ఒక్క నోటు తేడా వస్తే నా జేబులోంచి పెట్టాలి. అలసిన బుర్రతో లెక్కపెడితే ఎవరికి నష్టమో ఆ వీడియో తీసినవాడికి ఎలా చెప్పేది?

స్టీరింగ్_తాత (మంగళవారం, ఉదయం 9:30)

నేను 31 ఏండ్లు ఆర్టీసీల బస్సు నడిపిన. ఇప్పుడు మనుమడు ఫోన్ల రాసుడు నేర్పిండు, తప్పులుంటే ఏమనుకోవద్దు.

మాకు 1961ల వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండె. అయిదు గంటలు నడిపినంక తక్కువల తక్కువ అరగంట ఆగాలె అని అండ్ల రాసున్నది. యూనియన్ మీటింగుల ఎన్నిసార్లు చదివినమో. కాగితం మీద తేటగనే ఉంటది. రోడ్డు మీద ట్రాఫిక్‌ల గంట పోతే, ఆ గంట మా అరగంటలకెల్లే కోసేటోళ్లు.

ఎండకాలం, తిన్నంక, రెండు మూడు గంటల నడుమ తారురోడ్డు మీద నీళ్లున్నట్టు మెరుస్తది. కండ్లు తెరిచే ఉంటయి గని సూపు ఉండదు. ఒకపారి జనగామ దాటినంక గేరు ఎప్పుడు మార్చిన్నో నాకే యాదికి లేదు. కండక్టరు అద్దంల నా మొఖం సూసిండు. లేచొచ్చి భుజం మీద చెయ్యేసి "అన్నా, ఆ చింతచెట్టు కాడ ఆపు" అన్నడు. పది నిమిషాలు స్టీరింగు మీద తల పెట్టిన. ఒకాయన కోర్టు పేషీ ఉన్నదని లొల్లి పెట్టిండు. కండక్టరు ఆయన చెవుల ఏం చెప్పిండో ఏమో, మల్ల మాట్లాడలె.

నీకు హక్కా సోకా అని అడగబుద్ధయితుంది బిడ్డా. ఎందుకంటే నీకు కునుకు పడితే కంప్యూటరు పోయి లోయల పడది.

అరకప్పు (మంగళవారం, ఉదయం 10:12)

తాతా, చివరి మాటకి టీ పొలమారింది.

మీరు చెప్పింది చదివితే కర్ణాటక కేసు గుర్తొచ్చింది. అక్కడి రోడ్డు రవాణా సంస్థలో ఒక కానిస్టేబుల్ డ్యూటీలో కునుకు తీశాడని సస్పెండ్ చేశారు. అంతకు ముందు రెండు నెలల పాటు అతని చేత డబుల్ షిఫ్టులు చేయించింది ఆ సంస్థే. 2025 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ సస్పెన్షన్ కొట్టేసింది. అంటే నిద్రపోయినవాడిని అడిగే ముందు, నిద్ర లేకుండా చేసినవాడిని అడగాలి.

మన దగ్గర గాలి ఎటు వీస్తోందో చూడండి. 2023లో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 అన్నారని 2025 జనవరిలో రచ్చ అయింది. అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితి ఉంచారు, సరే. కానీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో అరగంట విరామం లేకుండా 5 గంటలు మించి పని చేయించకూడదని ఉండేది, ఈ ఉత్తర్వులో అది 6 గంటలు. ఆ ఒక్క గంట తేడా ఎవరి కంటా పడలేదు.

పదకొండో_తారీఖు (మంగళవారం, మధ్యాహ్నం 1:48)

ఆ 90 గంటల మాటతో నన్ను ముడి పెట్టకండి, నేను ఆరింటికి తాళం వేసేవాణ్ణని ముందే చెప్పాను.

మా నాన్నది వ్యవసాయమేనండి. నాట్లప్పుడు ఆడవాళ్లు వరసగా వంగి నాటుకుంటూ వెనక్కి జరుగుతారు చూడండి, ఆ వరసలో ఒక్కళ్లు లేస్తే అక్కడ ఖాళీ పడిపోతుంది. అందుకే ఒక్కళ్లూ లేవరు. పెద్దావిడ కేక వేస్తే అందరూ ఒకేసారి నడుం ఎత్తుతారు, గట్టెక్కుతారు, చద్దన్నం మూటలు విప్పుతారు. ఎవరికీ సిగ్గుండదు, ఎవరి మీదా నెపముండదు. ఆగితే అందరూ కలిసి ఆగాలి, లేదంటే లేదు. మీ వేపచెట్టుతో నా పేచీ అదే. మీరొక్కరే లేస్తున్నారు.

ఫిజియో_గుంటూరు (మంగళవారం, మధ్యాహ్నం 3:10)

ఈ టైముకే రాస్తున్నాను, గమనించండి. ఇప్పుడు కళ్లు వాలేది పప్పన్నం వల్లే అని అందరూ అనుకుంటాం. బాగా తింటే ఇంకాస్త ఎక్కువవుతుంది, నిజమే. కానీ తినకపోయినా వస్తుంది. ఒంట్లో గడియారానికే మధ్యాహ్నం ఒక దిగుడుమెట్టు ఉంది. రాత్రి నిద్ర చాలకపోతే అది ఇంకా లోతు.

దూరప్రయాణాల పైలట్లకి నాసా వాళ్లు కాక్‌పిట్‌లోనే వంతులవారీగా కునుకు తీసే వీలిచ్చి చూశారు. సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, నిద్రపోని వాళ్లకంటే చురుగ్గా ఉన్నారు. అక్కడ కూడా ఒకరు పడుకుంటే మిగతావాళ్లు విమానం చూసుకున్నారు. అరగంట దాటితే మాత్రం గాఢనిద్రలోకి జారి, లేచాక ఇంకో అరగంట మొద్దు. మన వామకుక్షి బాపతు గంటన్నర కునుకుని నేను సమర్థించడం లేదు. ఆయుర్వేదం కూడా పగటి నిద్రని ఎండాకాలానికే ఎక్కువగా ఒప్పుకుంది, ఏడాది పొడుగునా కాదు, మా మావయ్య గారికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

టెస్టర్ గారూ, మీరు ఫోన్ డ్రాయర్లో పెట్టి వెళ్తున్నారే, అసలు కీలకం అది. నా దగ్గరికి మెడనొప్పితో వచ్చేవాళ్లు "బ్రేక్ తీసుకుంటున్నాం డాక్టర్" అంటారు. ఏం చేస్తారంటే రీల్స్. పెద్ద తెర వదిలి చిన్న తెర, మెడ ఇంకో రెండంగుళాలు కిందకి.

రోస్టర్_సిస్టర్ (మంగళవారం, రాత్రి 9:55)

అందరూ నిమిషాల గురించే మాట్లాడుతున్నారు. నాకది నిమిషాల గొడవలా కనిపించట్లేదు.

ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. వార్డులో 14 మంచాలు, ఇద్దరం. డబ్బా మూత తీసి మొదటి ముద్ద కలిపేసరికి బెల్లు, సెలైన్ అయిపోయిందని. వెళ్లొచ్చి చెయ్యి కడుక్కుని మళ్లీ కలిపితే ఇంకో బెల్లు. రోజు మొత్తంలో ఇరవై నిమిషాల ఖాళీ దొరకదా అంటే దొరుకుతుంది, ముక్కలుగా. కానీ ఆ ఖాళీలో కూడా చెవి బెల్లు దగ్గరే ఉంటుంది. కూర్చున్నా కూర్చున్నట్టు కాదు.

మా పాత ఇన్‌ఛార్జి సిస్టర్ రోజూ రెండున్నరకి తనే వార్డుకి వచ్చి, "తాళాలు ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపేది. మందుల అల్మరా తాళాలు. అవి నా జేబులోంచి ఆమె జేబులోకి వెళ్లగానే భుజాలు వాటంతటవే కిందకి దిగేవి. ఇరవై నిమిషాలు కూడా అక్కర్లేదు, పన్నెండు చాలు. ఆమె వెళ్లిపోయింది. కొత్తావిడ గ్రూపులో పూల బొమ్మ పెట్టి "బ్రేక్ తీసుకోండమ్మా, ఆరోగ్యం ముఖ్యం" అని రాస్తుంది. తాళాలు మాత్రం ఏనాడూ అడగలేదు.

టెస్టర్ గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ ఇరవై నిమిషాల్లో మీ తాళాలు ఎవరి దగ్గర ఉంటున్నాయి?

వేపచెట్టు_టెస్టర్ (మంగళవారం, రాత్రి 11:31)

దొరికిపోయాను సిస్టర్.

ఎవరి దగ్గరా ఉండట్లేదు. పోయిన బుధవారం నేను కిందున్నప్పుడు బిల్డ్ (మేం పరీక్షించే సాఫ్ట్‌వేర్ కూర్పు) పగిలింది. పక్క సీటమ్మాయి నా లాగ్‌లు తెరవలేక, ఫోన్ చేస్తే డ్రాయర్లో మోగుతుంటే తిట్టుకుంటూ కూర్చుంది. పైకొచ్చాక నాతో ఏమీ అనలేదు. లీడ్‌కి చెప్పింది తనే అని ఇప్పుడు అర్థమవుతోంది. చెప్పడంలో తప్పేముంది? అయితే లీడ్ సిగరెట్లకి దిగినా ఇదే జరుగుతుంది కదా అన్న నా మంట అలాగే ఉంది, అది చల్లారదు.

కౌంటర్_2 (బుధవారం, ఉదయం 6:50)

సిస్టర్ చెప్పింది నూటికి నూరు. మా బ్రాంచిలో రెండో క్యాషియరు పోస్టు చాలాకాలంగా ఖాళీ. ఆడిటర్ గారూ, అందరూ కలిసి గట్టెక్కే పద్ధతి పొలంలో సరే, మేమందరం ఒకేసారి లేస్తే ఈసారి వీడియో మా జిల్లా దాటుతుంది. మాకు వంతులే దిక్కు. వంతుకి రెండో మనిషి కావాలి.

పదకొండో_తారీఖు (బుధవారం, ఉదయం 8:15)

ఒప్పుకుంటున్నానండి, సగం. తారీఖులు దగ్గరపడనప్పుడు ఇద్దరిద్దరుగా వదలొచ్చు. 11కీ 20కీ ముందు రెండేసి రోజులు మాత్రం నన్ను అడగొద్దు. అప్పుడు నేనూ లేవను, కుర్రాళ్లూ లేవరు. దీన్ని మీరు దుర్మార్గం అంటే అనుకోండి.

చీరల_మడత (గురువారం, రాత్రి 11:40)

ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. విజయవాడలో చీరల కొట్టులో సేల్స్. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర. కస్టమరుకి కుర్చీ ఉంటుంది, కూల్‌డ్రింకు ఉంటుంది. మాకు కౌంటరు వెనక నిలబడే చోటు ఉంటుంది. ఎవరూ లేనప్పుడు కూడా కూర్చోకూడదు, విప్పిన చీరలు మడతలు పెడుతుండాలి. అన్నీ పెట్టేస్తే, పెట్టినవి విప్పి మళ్లీ పెట్టాలి. నిజంగానే. ఖాళీగా కనపడకూడదని.

కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో కొట్లలో పనిచేసేవాళ్లకి కూర్చునే వసతి ఉండాలని చట్టం చేశారట. మా ఓనరు గారికి ఆ వార్త చూపించింది ఒకమ్మాయి. "అయితే అక్కడికే వెళ్లు" అన్నారు.

మీరు వేపచెట్టు, కునుకు, గోదావరి గట్టు అంటుంటే నవ్వొచ్చింది, కోపం కాదు. సిస్టర్ గారి తాళాల మాట చదివాక మాత్రం పక్క కౌంటరు అక్కతో మాట్లాడాను. నిన్నటి నుంచి ఒకటి మొదలుపెట్టాం. నాలుగింటికి తను నా కౌంటరు కూడా చూస్తుంది, నాలుగుంపావుకి నేను తనది. ఫాల్స్ డబ్బాలు పెట్టే బీరువా వెనక ఒక స్టూలు దాచాం. మొత్తం కొట్టులో కెమెరాకి అందని మూల అదొక్కటే. నిన్న నేను ఏడు నిమిషాలు కూర్చున్నాను. అక్క ఇవాళ చెప్పులు కూడా విప్పింది.