డబుల్ ఏ సెల్స్ కెమెరా: కొత్త సెల్స్ వేసినా గంటలోనే ఖాళీ

ప్రశ్న: నికాన్ కూల్‌పిక్స్ ఎల్ సిరీస్, రెండు డబుల్ ఏ సెల్స్‌ది. కొత్త ఆల్కలైన్ సెల్స్ వేసినా పాతిక ఫొటోలకే ఆగిపోతోంది. అవే సెల్స్ గోడ గడియారంలో బాగానే నడుస్తున్నాయి. కెమెరా పోయినట్టేనా?

జవాబు 1: కెమెరాకేం కాలేదండీ. ఫ్లాష్ చార్జ్ అయ్యేటప్పుడు, లెన్స్ మోటార్ తిరిగేటప్పుడు ఒక్కసారిగా కరెంట్ లాగుతుంది. ఆల్కలైన్ సెల్ లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి 1.5 వోల్టులు కాస్తా పడిపోతాయి, కెమెరా సెల్ ఖాళీ అనుకుంటుంది. గడియారానికి ఆ బాధ లేదు. 2000 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్స్ కొనండి, 1.2 వోల్టులే అయినా లోడ్ మీద నిలబడతాయి. అందులోనూ లో సెల్ఫ్ డిశ్చార్జ్ రకమే తీసుకోండి, మామూలువి బీరువాలో ఉన్నా దిగిపోతాయి. డబ్బా మీద 3500, 4000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే నమ్మకండి, ఈ సైజు సెల్‌లో అంత పట్టదు.

జవాబు 2: సెటప్ మెనూలో బ్యాటరీ టైప్‌ను కూడా ఆల్కలైన్ నుంచి నికెల్ మెటల్ హైడ్రైడ్‌కి మార్చండి. లేకపోతే చార్జ్ ఎంత మిగిలిందో తప్పుగా చూపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: పాత రీచార్జబుల్ ఒకటి ఉంది. కొత్తదానితో జత చేయొచ్చా?

జవాబు 1: వద్దు. నీరసంగా ఉన్నది ముందే ఖాళీ అయిపోతుంది, రెండోది దానిలోకి కరెంట్‌ను ఉల్టాగా నెట్టి పాడుచేస్తుంది. చార్జర్ కూడా ఒక్కో సెల్‌ను విడిగా చూసేదే కొనండి.

జవాబు 3: అదే సైజులో 14500 లిథియం అయాన్ సెల్స్ దొరుకుతాయి. పొరపాటున కూడా పెట్టొద్దు, ఒక్కోటి 3.7 వోల్టులు, సర్క్యూట్ కాలిపోతుంది.