ఐపీఏ బీరులో హాప్స్ మంట ఆపడానికి గంట ముందే వెయ్యాలా, ఆపాకే వెయ్యాలా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
సెలవుకి ఊరొచ్చాను. పోర్ట్‌లాండ్ తిరిగి వెళ్లగానే 20 లీటర్ల ఐపీఏ (హాప్స్ చేదు, వాసన గట్టిగా ఉండే బీరు) కాయాలని ఉంది. అమెరికాలో ఇంటి వాడకానికి బీరు కాచుకోవచ్చు. పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే నేరం. ఇది చదివి ఊళ్లో ఎవరూ పొయ్యి వెలిగించొద్దని మనవి.

హాప్స్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు. నా దగ్గర వాటిలో సెంటెన్నియల్ రకం గుళికలు 50 గ్రాముల ప్యాకెట్లు నాలుగున్నాయి, ఆల్ఫా యాసిడ్ (చేదుకి మూలం) 10 శాతం. నాన్నగారికి చూపిద్దామని ఒక ప్యాకెట్ వెంట తెచ్చి విప్పాను. ఆయన ఒక ఆకుపచ్చ గుళికని అరచేతిలో నలిపి, పంపరపనస తొక్క గిల్లిన వాసన వస్తోందిరా అన్నారు. చేతికి జిగురు కూడా అంటుకుంది. ఆ వాసనే బీరులో నిలబడాలి. అలాగని గంటసేపు మరిగే మొదటి మోతాదు మానేయడం నాకిష్టం లేదు. గట్టి చేదు లేనిది ఐపీఏ ఎలా అవుతుంది? మీరేమంటారు?

గంట స్తంభం, విజయనగరం:
అన్నా, నేను ఒప్పుకోను. గంట మరిగితే ఆ వాసనంతా ఆవిరితో పోతుంది. మిర్సీన్ లాంటి నూనెలు మరుగులో నిలవవు. చారు దించాకే కదా కొత్తిమీర వేస్తాం! మెల్‌బోర్న్‌లో ఉన్నన్నాళ్లూ నేను హాప్స్ అన్నీ మంట ఆపాకే వేసేవాడిని, చేదు తక్కువైందని ఎప్పుడూ అనిపించలేదు. వర్ట్ (పులిస్తే బీరయ్యే తీపి బార్లీ రసం) 80 డిగ్రీల పైన ఉన్నంతసేపూ నెమ్మదిగానైనా చేదు దిగుతూనే ఉంటుంది.

బొబ్బిలి మాస్టారు:
తమ్ముళ్లూ, వాసన సంగతి వేరు, చేదు సంగతి వేరు. ఆల్ఫా యాసిడ్ ఉన్నదున్నట్టుగా బీరులో సరిగా కరగదు. మరిగి ఐసో ఆల్ఫాగా మారితేనే నిలుస్తుంది. అందుకు వేడీ కావాలి, టైమూ కావాలి.

లెక్క చూడండి. 1.060 గ్రావిటీ (నీటితో పోలిస్తే సాంద్రత) వర్ట్‌లో, చేదు అంచనా వేసే టిన్‌సెత్ సూత్రం ప్రకారం, గంట మరిగితే ఆల్ఫాలో 21 శాతం దక్కుతుంది. పది నిమిషాలైతే 7.6 శాతమే. 30 గ్రాముల హాప్స్‌లో ఆల్ఫా 3,000 మిల్లీగ్రాములు, 20 లీటర్లకి పంచితే లీటరుకి 150. గంట మరిగిస్తే 31 ఐబీయూ (చేదు కొలత, సుమారుగా లీటరుకి ఐసో ఆల్ఫా మిల్లీగ్రాములు), ఆఖరి పది నిమిషాలకి వేస్తే 11. పది నిమిషాల్లోనే 31 రావాలంటే 80 గ్రాములు దాటాలి. ఉన్నదే 200 కదా, డ్రై హాప్‌కి (వాసన కోసం చల్లారిన బీరులో నానబెట్టే హాప్స్‌కి) ఏం మిగులుతుంది?

గంట స్తంభం:
మాస్టారూ, ఆ 80 గ్రాములూ చేదుకే పోవు కదా, వాసన కూడా ఇస్తాయి. గంట మరిగిన 30 గ్రాముల్లో వాసన ఏముంటుంది?

బొబ్బిలి మాస్టారు:
ఇస్తాయి, కాదనను. కానీ హాప్స్ పెరిగేకొద్దీ గిన్నె అడుగున పిప్పి పెరుగుతుంది, అది పీల్చుకున్న వర్ట్ మనకి దక్కదు. నాలుకని పట్టే వగరు కూడా వస్తుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, మంట ఆపాక వర్ట్ ఎంతసేపు వేడిగా ఉంటుందన్నది ఇంట్లో ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఒకసారి కుదిరిన చేదు మళ్లీ కుదరదు. బీరు పోటీల జడ్జీల సంస్థ బీజేసీపీ 2021 గైడ్‌లో అమెరికన్ ఐపీఏకి 40 నుంచి 70 ఐబీయూ, మబ్బుగా ఉండే హేజీ ఐపీఏకి 25 నుంచి 60. నీ పద్ధతి హేజీకి నప్పుతుంది తమ్ముడూ. ఈయన అడిగేది గట్టి చేదు.

వంశధార, ప్రస్తుతం టెక్కలి:
నాగావళి తమ్ముడూ, డ్రై హాప్ ఎంత వెయ్యాలో ఎవరూ చెప్పలేదు. లీటరుకి 5 గ్రాములు చాలు. కాస్కేడ్ రకం హాప్స్ మీద ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన 2018లో వచ్చింది. లీటరుకి 8 గ్రాములు దాటాక నిమ్మజాతి వాసన పెద్దగా పెరగదు, టీ ఆకు, పసరు వాసన వైపు తిరుగుతుందని అందులో తేలింది. రెండు మూడు రోజులుంచి తీసెయ్.

అసలు జాగ్రత్త ఆ తర్వాతే. గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ 1.012 దగ్గర ఆగింది కదా అని డ్రై హాప్ తీయగానే సీసాల్లో నింపకు. ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరలని హాప్స్‌లోని ఎంజైములు విడగొడతాయి, పులియడం మళ్లీ మొదలవుతుంది. గ్రావిటీ ఇంకా దిగొచ్చు, వెన్న వాసన రావచ్చు. తొందరపడి మూత బిగిస్తే సీసా పేలుతుంది. రీడింగ్ వరసగా మూడు రోజులు కదలకపోతేనే నింపు.

విప్పిన ప్యాకెట్ ఈ ఎండల్లో బయట ఉంచకు. గాలి తీసి, ఫ్రీజర్‌లో పెట్టు. దాన్ని డ్రై హాప్‌కి మాత్రం వాడొద్దు. గాలి తగిలిన హాప్స్‌కి ముందు పోయేది వాసనే. చీజ్ కంపు కొడితే మొత్తం పారెయ్. బాగుంటే గంట మరుగుకి వాడుకో.

నాగావళి గట్టు:
అక్కా, చాలా థాంక్స్. విప్పిన ప్యాకెట్‌లో 30 గ్రాములు గంట మరుగుకి, 20 ఆఖరి పది నిమిషాలకి. సీలు తియ్యని మూడింట్లో ఒకటి వర్ట్ 80 డిగ్రీలకి దిగాక, రెండు డ్రై హాప్‌కి. 31కి తోడు ఆ 20 గ్రాములకి ఇంకో 7 వస్తే, మిగతాది వేడి వర్ట్ చూసుకుంటుంది. 40 దాటినట్టే.

గంట స్తంభం:
గంట మరుగుకి 20 చాలన్నా. ఆ పది గ్రాములు కూడా మంట ఆపాకే వెయ్యి. చేదులో తేడా నీకు తెలియదు, వాసనలో తెలుస్తుంది.

బొబ్బిలి మాస్టారు:
పది ఐబీయూ తేడా తెలుస్తుంది తమ్ముడూ. 30 వెయ్యనీ.