భూగర్భ డ్రైనేజీ మొదట ఏ కాలనీకి, తరువాత ఏ బస్తీకి: ఈ వరుసను దేన్ని బట్టి నిర్ణయించాలి?

ప్రశ్న (శివారు నివాసి)

మాది హైదరాబాద్ శివార్లలో, 2007లో పన్నెండు మునిసిపాలిటీలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను కలిపి మహానగర పాలక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు నగరంలో చేరిన ప్రాంతం. ఇప్పటికీ మా వార్డులో చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే దిక్కు. ఇటీవల భూగర్భ డ్రైనేజీ మంజూరైందని, నిధులు విడతలవారీగా వస్తాయి కాబట్టి పనులు కూడా అలాగే జరుగుతాయని చెప్పారు. మొదటి విడతలో 200 గజాలు, ఆ పైన స్థలాలున్న రెండు కాలనీలను చేర్చారు. నాలాను ఆనుకుని, 50, 60 గజాల ఇళ్లు గోడకు గోడ కలిపి కట్టుకున్న బస్తీని రెండో విడతకు నెట్టారు.

కారణం అడిగితే అక్కడ లెవెల్ కుదరదని ఒకరు, కాలనీలవారు ముందుగా అర్జీ పెట్టుకున్నారని ఇంకొకరు చెప్పారు. నేనుండేది మొదటి జాబితాలో ఉన్న కాలనీలోనే. మా ఇంట్లో సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత రెండూ సరిగా పనిచేస్తున్నాయి. ఆ బస్తీలో మాత్రం ట్యాంకు గుమ్మం మెట్ల కిందే ఉంటుంది, ఇంకుడు గుంతకు చోటు లేదు. ట్యాంకు నుంచి బయటికి వచ్చే పైపును నేరుగా సందులోని కాలువలోకి వదిలారు, మంచినీటి పైపులు ఆ కాలువను దాటుకునే ఇళ్లలోకి వెళుతున్నాయి. రెండు కాలనీల తరఫున, బస్తీ పెద్దలతో కలిసి వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాం. ఇలాంటి వరుసను న్యాయంగా, సాంకేతికంగా నిలబడేలా నిర్ణయించడానికి ఏ ప్రమాణాలు అడగాలో తెలిసినవారు చెప్పగలరా?

సమాధానం (విశ్రాంత ఇంజనీరు)

మీరు మీ కాలనీ కోసం కాకుండా పక్క బస్తీ కోసం అడుగుతున్నందుకు మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. అర్జీ ముందు పెట్టినవారికి ముందు అన్నది అసలు ప్రమాణమే కాదు. అర్జీ రాసి, నలుగురిని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక ఎవరికి ఉంటుందో మనకు తెలుసు. లెవెల్ మాట మాత్రం కొట్టిపారేయదగినది కాదు, అయితే దాన్ని నోటిమాటగా కాక కాగితం మీద చూడాలి.

మురుగునీరు వాలును బట్టి తనంతట తాను పారాలి. పైపులో మట్టి పేరుకోకుండా ఉండాలంటే, ప్రవాహం ఎక్కువగా ఉండే వేళ నీటి వేగం సెకనుకు కనీసం 0.6 మీటర్లు ఉండాలి. దానికోసం 150 మిల్లీమీటర్ల పైపును కిలోమీటరుకు సుమారు ఆరు మీటర్లు దిగేలా వేయాల్సి వస్తుంది. అందుకే పని ఎప్పుడూ పల్లం నుంచి మొదలై మెరక వైపు సాగాలి: ముందు శుద్ధి కేంద్రం, తరువాత ట్రంక్ మెయిన్ (వీధి పైపుల మురుగునంతా శుద్ధి కేంద్రానికి మోసుకెళ్లే పెద్ద పైపు), ఆపైన వీధి పైపులు. మీరు చెప్పిన బస్తీ నాలా పక్కన ఉందంటే అది పల్లంలో ఉన్నట్టే. ట్రంక్ మెయిన్ కూడా మామూలుగా నాలా వెంబడే వస్తుంది. అలాంటప్పుడు లెవెల్ అన్న కారణం బస్తీని వెనక్కి నెట్టడానికి బదులు ముందుకు తేవాలి. ట్రంక్ మెయిన్ అడుగు బస్తీ మరుగుదొడ్ల కంటే ఎత్తులో ఉంటేనే లెవెల్ కుదరదు, అప్పుడు చిన్న పంపింగ్ స్టేషన్ కావాలి. ఇందులో ఏది నిజమో తేలాలంటే పనికి సంబంధించిన ఎల్-సెక్షన్ (పైపు పొడవునా నేల ఎత్తును, పైపు లోతును చూపే నిలువుకోత పటం), మ్యాన్‌హోళ్ల ఇన్వర్ట్ లెవెళ్లు (అక్కడ పైపు లోపలి అడుగు ఎంత ఎత్తులో ఉందో చెప్పే కొలతలు) సమాచార హక్కు చట్టం కింద అడగండి.

దీనికంటే ముఖ్యంగా మరొకటి చూడాలి. కింద ట్రంక్ మెయిన్ పూర్తి కాకుండా మీ కాలనీల్లో పైపులు వేసి ఇళ్లు కలిపితే, ఇంతవరకు ట్యాంకుల్లో ఆగి, కొంతైనా కుళ్లి, నేలలోకి ఇంకుతున్న మురుగంతా ఒక్కసారిగా పైపెక్కి, చివరి మ్యాన్‌హోల్ దగ్గర నాలాలోకి దూకుతుంది. అది బస్తీ ఇళ్ల ముందు నుంచే పారుతుంది. ఒక వీధి బాగుపడటానికి పల్లంలో ఉన్న వీధి పాడయ్యే ఈ పద్ధతిని నా ఉద్యోగకాలంలో పలుచోట్ల చూసి బాధపడ్డాను. మీ వినతిపత్రంలో మొదటి కోరికగా దీన్ని రాయండి: ట్రంక్ మెయిన్ శుద్ధి కేంద్రానికి కలిసే వరకు మెరకలోని ఏ ఇంటికీ కనెక్షన్ ఇవ్వకూడదు.

ఖర్చు సంగతికి వస్తే, 60 గజాల ఇంటి ముఖద్వారం వెడల్పు 200 గజాల ఇంటికి ఉన్న వెడల్పులో సుమారు సగం ఉంటుంది, అంటే ఇంటికి పడే పైపు పొడవు కూడా సగమే. కానీ ఇరుకు సందులో జేసీబీ పట్టదు, చేత్తో తవ్వించాలి. హైదరాబాద్‌లో రెండడుగుల కిందే బండ తగిలే చోట్లు ఎన్నో ఉన్నాయి, గోడల పక్కన పేల్చడం కుదరదు. కాబట్టి బస్తీలో పని చౌక అని వాదించకండి, ఎస్టిమేటు చూసి మాట్లాడండి.

సమాధానం (పట్టణ ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను)

ఇంజనీరు గారు పైపు వైపు నుంచి చెప్పారు, నేను రోగుల వైపు నుంచి చెబుతాను. మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కాలువను దాటుతున్న మంచినీటి పైపు. మనకు నీళ్లు రోజంతా రావు. నీళ్లు వదలని వేళల్లో పైపులో ఒత్తిడి ఉండదు, పగులు ఉన్న చోట చుట్టూ నిలిచిన మురుగు లోపలికి చేరుతుంది, ఆపైన ఎవరైనా పైపుకు నేరుగా మోటారు బిగిస్తే ఇంకా ఎక్కువగా లాగుతుంది. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత తాగునీటి వల్ల పలువురు ప్రాణాలు కోల్పోయారు, ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. అది కొత్తగా కలిసిన శివారు కాదు, నగరం నడిబొడ్డు. కాబట్టి డ్రైనేజీ లేని ప్రాంతాలనే లెక్కలోకి తీసుకుంటే చాలదు. పాత పైపులు కుళ్లి మంచినీటిలో కలుస్తున్న వీధులు కూడా అదే వరుసలో, కొన్నిసార్లు ముందుగానే నిలబడాలి.

ప్రమాణాలు అడిగారు కాబట్టి, వీధి వీధికీ చూడాల్సినవి నాకు ఇలా తోస్తున్నాయి. ఇంకుడు గుంతకు చోటు లేని ఇళ్లెన్ని, మురుగు కాలువను దాటుతున్న మంచినీటి పైపులెన్ని, బోరు నీళ్లు తాగుతున్నవారెందరు, కుళాయి నీటిలో మిగులు క్లోరిన్ (క్రిములను చంపడానికి కలిపినదానిలో ఇంటికి చేరేసరికి మిగిలినది) ఉంటోందా లేదా, ఐదేళ్లలోపు పిల్లల్లో విరేచనాలు ఎన్నిసార్లు వస్తున్నాయి. చివరిదాని విషయంలో ఒక జాగ్రత్త అవసరం. బస్తీ దవాఖానా రిజిస్టరులో కేసులు తక్కువగా ఉన్నాయంటే అక్కడ జబ్బులు లేవని అర్థం కాదు. కూలి పోతుందని పగటిపూట దవాఖానాకు రాలేని తల్లులు సాయంత్రం ఆర్‌ఎంపీ దగ్గర మందు తెచ్చుకుంటారు, ఆ లెక్క ఎక్కడా ఎక్కదు. ఆశా కార్యకర్తలను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగి అడిగితేనే నిజం తెలుస్తుంది.

ఇంకొక మాట. వీధిలో పైపు పడినంత మాత్రాన ఇల్లు కలిసినట్టు కాదు. కనెక్షన్ రుసుము కట్టాలి, గుమ్మం తవ్వాలి, పాత ట్యాంకును ఖాళీ చేయించి పూడ్చాలి. అద్దెకున్నవారికి ఆ హక్కు ఉండదు, యజమానికి ఆ తొందర ఉండదు. అందుకే పని పురోగతిని వేసిన కిలోమీటర్లతో కాక కలిసిన ఇళ్లతో లెక్కించమని, పేద ఇళ్లకు కనెక్షన్ ఖర్చును ఎస్టిమేటులోనే చేర్చమని అడగండి.

శివారు నివాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా ప్రాంతంలో నాలా చివర శుద్ధి కేంద్రం వచ్చింది కాబట్టి బస్తీకి ప్రత్యేకంగా పైపులు అంత అత్యవసరం కాదని ఒక వాదన వినిపిస్తోంది. దానికి ఏమని జవాబివ్వాలి?

సమాధానం (విశ్రాంత ఇంజనీరు)

ఆ వాదన మీకు ఎదురవుతుందని ఊహించాను. 2021లో సుమారు 3,866 కోట్ల రూపాయలతో, రోజుకు 125 కోట్ల లీటర్లకు పైగా శుద్ధి చేసేలా 31 కేంద్రాలు తలపెట్టడం నిజంగా పెద్ద అడుగు. చెరువులకు, మూసీకి దానివల్ల మేలు జరుగుతుంది. అయితే ఇలాంటి కేంద్రాల్లో చాలావాటికి నీరు వచ్చేది ఇళ్ల పైపుల నుంచి కాదు. నాలాకు అడ్డుకట్ట వేసి, అందులో పారుతున్న మురుగును కేంద్రానికి మళ్లిస్తారు. దాంతో అడ్డుకట్టకు దిగువన నీరు శుభ్రపడుతుంది. ఎగువన, అంటే బస్తీ ముందు, నాలా మురుగుకాలువగానే ఉంటుంది. పెద్ద వాన వస్తే మళ్లింపు చాలక మురుగు వాననీటితో కలిసి ఇళ్లలోకి కూడా రావచ్చు. నదిని కాపాడటం, సందును కాపాడటం అనేవి రెండు వేర్వేరు లక్ష్యాలు. రెంటికీ పనుల వరుస ఒకటి కాదు. మీ వార్డు జాబితా ఏ లక్ష్యం కోసం తయారైందో అధికారులను రాతపూర్వకంగా చెప్పమనండి.

ఏ విధంగా చూసినా బస్తీకి పైపు రావడానికి కొంత కాలం పడుతుంది. అంతవరకు ట్యాంకులను రెండు మూడేళ్లకొకసారి వరుసక్రమంలో ఖాళీ చేయించే బాధ్యతను పాలక సంస్థే తీసుకోవాలని కోరండి. వరంగల్‌లో 2016లోనే దీనికి నిబంధనలు తెచ్చి, తరువాత మల వ్యర్థాల శుద్ధి కేంద్రాన్ని కూడా పెట్టారు. పెద్ద బండి పట్టని సందులకు చిన్న బండి కావాలని ప్రత్యేకంగా రాయండి, రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా ఎవరినీ ట్యాంకులోకి దించకూడదన్న 2013 చట్టాన్ని ప్రస్తావించండి. మంచినీటి పైపులను కాలువ నుంచి పక్కకు మార్చే పనికి డ్రైనేజీ నిధుల కోసం ఎదురుచూడనక్కర్లేదు. అది చిన్న ఎస్టిమేటు, ఈ వానాకాలం లోపే చేయగలిగిన పని. ఎల్-సెక్షన్ చేతికి రాగానే ఇక్కడ పెట్టండి, లెవెళ్లు నేను చూసి చెబుతాను.